సముద్రానికి మీటరు ఎత్తున ఒక ముస్లిం దేశం

మాలె నగరపు పాత జుమా మస్జిదును అక్కడివారు హుకురు మిస్కీ అంటారు. హుకురు అంటే శుక్రవారం, మిస్కీ అంటే మస్జిదు. 1658లో, సుల్తాన్ ఇబ్రాహీం ఇస్కందర్ పాలనలో పూర్తయిన ఆ కట్టడంలో ఇటుక లేదు, కొండరాయి లేదు. అసలు ఆ దేశంలో కొండే లేదు. గోడలన్నీ పగడపు రాయి. సముద్రంలోంచి తీసిన పచ్చి పగడం మెత్తగా ఉంటుంది. దానిని దిమ్మలుగా కోసి, ఆరబెట్టి, చెక్కి, సున్నపు అడుసు లేకుండానే ఒక రాతి గాడిలో మరొక రాయి ఇమిడేటట్లు పేర్చారు. లోపలి కలప మీద లక్క పనితనంతో అరబీ అక్షరాలు. బయట ఖబరస్తాన్‌లోని సమాధి రాళ్ళు సైతం పగడమే. మొన తేలినవి పురుషులవి, తల గుండ్రంగా ఉన్నవి స్త్రీలవి. మస్జిదు ముఖం సూటిగా పడమటికి ఉన్నది. మక్కా అక్కడికి వాయవ్య దిశ. అందుచేత లోపల సఫ్‌లు గోడలకు ఏటవాలుగా, ఒక మూల వైపుకు తిరిగి ఉంటాయి. కట్టడం ఎటు చూసినా ఖిబ్లా మారదు కదా!

పగడాన్ని మనం రాయి అనుకుంటాము. అది నిజానికి లెక్కలేనన్ని చిన్న ప్రాణులు తరతరాలుగా కట్టుకున్న గూడు. అవి చనిపోగా మిగిలిన సున్నపు పెంకుల మీద మరికొన్ని పుట్టి, అలా పైకి పెరిగి, అలలకు నలిగి ఇసుకయై, ఆ ఇసుక పోగుపడి ఈ ద్వీపాలు ఏర్పడినవి. కనుక మస్జిదు గోడ, సమాధి రాయి, కాళ్ళ కింది నేల, మూడూ ఒకే పదార్థం. సముద్రపు నీరు మామూలు కంటే కొద్దిగా వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉన్నదంటే, పగడాలు తమలో ఉండి తమకు ఆహారమిచ్చే సూక్ష్మజీవులను వెలివేసి తెల్లబడిపోతాయి. వేడి తగ్గకపోతే చనిపోతాయి. మాల్దీవులలో 1998లోనూ, మళ్ళీ 2016లోనూ ఇదే జరిగినది. ఉష్ణోగ్రత పెరుగుదల 1.5 డిగ్రీల వద్ద ఆగినా లోకంలోని పగడపు దిబ్బలలో 70 నుండి 90 శాతం నశిస్తాయనీ, 2 డిగ్రీలకు చేరితే దాదాపు ఏదీ మిగలదనీ ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల మండలి 2018లో నివేదిక ఇచ్చినది. ఈ అర డిగ్రీ తేడా గురించి మన పత్రికలలో చదివినప్పుడు అంకెల తగాదాగా తోచేది. హుకురు మిస్కీ ప్రాంగణంలో ఆ సమాధి రాళ్ళ మధ్య నిలబడి తలచుకుంటే అలా తోచదు.

మా మదరసాలో హదీసు పాఠాలు చెప్పే మౌలానా గారి అల్లుడు హుల్హుమాలె ద్వీపంలో ఒక పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు. గుంటూరు జిల్లావాడు. మన దేశపు ఉపాధ్యాయులు, నర్సులు ఆ ద్వీపాలలో చాలామంది ఉన్నారు. అల్లుడు గారు పిలవగా మౌలానా గారు మమ్మల్నీ తోడు రమ్మన్నారు. కొచ్చి నుండి విమానం గంటన్నర ప్రయాణం. దిగేముందు కిటికీలోంచి చూస్తే నీలి నీటిలో ఉంగరాలు పరచినట్టు దిబ్బలు, వాటి నడుమ లేత ఆకుపచ్చ నీరు. లోకమంతా ఇటువంటి దిబ్బల వలయానికి వాడే ‘అటోల్’ అనే మాట వీరి ధివేహీ భాషలోని ‘అతొళు’ నుండి పుట్టినదే. ఆ ధివేహీని కుడి నుండి ఎడమకు వ్రాస్తారు. లిపిలోని మొదటి తొమ్మిది అక్షరాలు అరబీ అంకెల రూపాల నుండి తీసుకున్నవని తెలిసి మౌలానా గారు ఒక దుకాణం బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయారు.

ఈ ద్వీపాలవారు 1153లో ఇస్లాం స్వీకరించారు. సుప్రసిద్ధ యాత్రికుడు ఇబ్న్ బతూతా 1343లో ఇక్కడికి వచ్చి కొంతకాలం ఖాజీ పదవి నిర్వహించి వెళ్ళారు. మొత్తం ద్వీపాలు 1,200కు అటూఇటూ. జనం నివసించేవి 200కు కాస్త తక్కువ. విదేశీయులను కలుపుకొని జనాభా 5 లక్షల పైచిలుకు. దేశం మొత్తంలో 80 శాతానికి పైగా నేల సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. సహజంగా ఏర్పడిన నేలలో అత్యున్నత స్థలం రెండున్నర మీటర్ల లోపే. మన ఊళ్ళలో ఇంటి గడపకు కూడా రెండు మెట్లు వేసుకుంటాము. ఇక్కడ దేశమే ఆ మెట్ల ఎత్తున ఉన్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. ఈ శతాబ్దాంతానికి మరొక మీటరు వరకు పెరగవచ్చునని అంచనా.

మాలె నగరాన్ని చుట్టి రావడానికి నడకన గంటన్నర పట్టదు. సముద్రం అంచున నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మలు, టెట్రాపాడ్‌లు అంటారు వాటిని, ఒకదాని మీద ఒకటి చిక్కుకొని గోడలా ఉన్నాయి. జపాను ప్రభుత్వ సహాయంతో కట్టినవి. 1987 ఏప్రిల్‌లో ఎక్కడో దక్షిణ సముద్రంలో రేగిన తుఫాను అలలు వేల మైళ్ళు ప్రయాణించి వచ్చి మాలె వీధులను, విమానాశ్రయాన్ని ముంచెత్తినవి. ఆ తర్వాతనే ఈ గోడ. ఆ సంవత్సరమే అక్టోబరులో నాటి అధ్యక్షుడు మామూన్ అబ్దుల్ గయూమ్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో నిలబడి, సముద్రం ఇలాగే పెరిగితే ఒక జాతి మరణిస్తుందని చెప్పారు. ఆయన కైరోలోని అల్-అజ్‌హర్‌లో షరీఅత్ చదివిన వ్యక్తి. ముప్పై ఏళ్ళ ఆయన పాలన మీద ఆ దేశస్థులకు వేరువేరు అభిప్రాయాలు ఉన్నాయి, వాటి జోలికి మేము పోము. గ్రీన్‌హౌస్ వాయువులు అనే మాట రాజకీయ నాయకుల నోట అరుదుగా వినిపించే రోజులలో, ఒక అజ్‌హరీ ఆలిమ్ ఆ మాటను ప్రపంచ సభలో ఎత్తడం మా వంటి మదరసావాసులకు తెలియవలసిన సంగతి.

మాట అక్కడితో ఆగలేదు. 1989 నవంబరులో పద్నాలుగు చిన్న దేశాలు ఇదే మాలెలో సమావేశమై ఒక ప్రకటన చేసినవి. మరుసటి ఏడాది జెనీవాలో చిన్న ద్వీప దేశాల కూటమి ఏర్పడినది. అంతకంటే పెద్ద ఒప్పందాలు తర్వాత వచ్చినా, బలహీనులు ముందుగా కూర్చున్న ఆ సభ మాకు హిల్ఫుల్ ఫుజూల్‌ను గుర్తుకు తెచ్చినది. జబీద్ నుండి వచ్చిన ఒక పరదేశి వర్తకుడి సరుకు తీసుకొని ఆస్ బిన్ వాయిల్ సొమ్ము ఎగవేశాడు. అతడు మక్కా నాయకుడు, అడిగే దిక్కు లేదు. అప్పుడు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట కొందరు చేరి, పీడితుడు ఎవరైనా సరే హక్కు ఇప్పిస్తామని ప్రమాణం చేశారు. నవ యువకుడైన మన ప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. దైవదౌత్యం లభించిన తర్వాత కూడా, అటువంటి ఒప్పందానికి ఎవరు పిలిచినా వెళ్తానని చెప్పారు. ఆ ప్రమాణం చేసినవారు ముస్లిములు కారు. వాతావరణ ఒప్పందాలు పాశ్చాత్యుల వ్యవహారమని మనవారిలో కొందరు తీసిపారేస్తుంటారు. వారు ఈ ఘటనను సీరత్ గ్రంథాలలో మరొకసారి చదవాలని మా విన్నపం.

మాలెలో వుజూ చేసిన ప్రతిసారీ మేము నీటిని గురించి ఆలోచించాము. ద్వీపం ఇసుక అడుగున వాన నీరు పలుచని పొరగా నిలిచి ఉండేది. జనం పెరిగి, తోడకం పెరిగి అది ఉప్పగా మారినది. ఇప్పుడు నగరానికి సముద్రపు నీటినే ఉప్పు తీసి పంపుతారు. ఆ యంత్రాలు నడవడానికి డీజిలు కావాలి. 2014 డిసెంబరులో ఆ కేంద్రంలో మంటలు లేచి నగరానికి నీరు ఆగిపోయినప్పుడు మన దేశం విమానాలలోనూ ఓడలలోనూ తాగునీరు పంపినది. అల్లుడు గారి ఇంటి పొరుగువారు మాతో పరిచయం కాగానే మొదట చెప్పిన మాట అదే. కొళాయి తిప్పితే వచ్చే ఆ ధార, సముద్రాన్ని పెంచే పొగతోనే తయారవుతున్నది. ప్రవహించే నది ఒడ్డున కూర్చున్నా వుజూలో నీరు వృథా చేయవద్దన్న హదీసు బోధను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాము. అది ఇక్కడ మాకే పాఠమైనది.

ఈ దేశం తన వంతు ఏమి చేసినదో కూడా చెప్పాలి. 2009లో అధ్యక్షుడు ముహమ్మద్ నషీద్ పదేళ్ళలో దేశాన్ని కర్బన రహితంగా మారుస్తామని ప్రకటించారు. ఆ అక్టోబరు 17న మంత్రివర్గం గిరిఫుషి ద్వీపం దగ్గర, నీటి అడుగున బల్లలు వేసుకొని, గాలి తొట్లు వీపున కట్టుకొని సమావేశమైనది. ఉద్గారాలు తగ్గించమని లోకాన్ని కోరే పత్రం మీద సంతకాలు చేసినది. ఫోటోలు లోకమంతా తిరిగినవి. పదేళ్ళు గడచినవి, మాట నెరవేరలేదు, కరెంటు నేటికీ ప్రధానంగా డీజిలు మీదనే. ప్రపంచపు మొత్తం ఉద్గారాలలో ఈ దేశపు వాటా పదివేల పాళ్ళలో ఒక పాలుకు కూడా రాదు గనుక వీరు పూర్తిగా మానివేసినా సముద్రం ఆగదు. అయినా మాట మాటే కదా అని మౌలానా గారన్నారు. అల్లుడు గారు నవ్వి, “మామూ, వీళ్ళ మాట తప్పితే వీళ్ళు మునుగుతారు. పెద్దవాళ్ళ మాట తప్పినా వీళ్ళే మునుగుతారు” అన్నారు.

ఆ పెద్దవారి మాటల చరిత్ర కొంత చెప్పుకోవాలి. 1992లో రియో నగరంలో మూల ఒప్పందం కుదిరినది. అందులో అంకెలు లేవు. అంకెలు 1997 డిసెంబరులో జపానులోని క్యోటోలో వచ్చినవి. శతాబ్దాలుగా బొగ్గు, చమురు కాల్చి ధనవంతులైన దేశాలు 1990 నాటి స్థాయి కంటే సగటున 5 శాతం మేర, 2008 నుండి 2012 మధ్య తగ్గించాలి. పేద దేశాలకు అంకె లేదు. సంతకాలకు పత్రం తెరిచిన తొలిరోజే, 1998 మార్చి 16న, మాల్దీవులు సంతకం చేసినది. అప్పట్లో అందరికంటే ఎక్కువ పొగ వదిలే అమెరికా సంతకం చేసి కూడా ఆమోదించలేదు. కెనడా ఒప్పుకొని, అంకె అందుకోలేక, 2011లో బయటకు పోతున్నట్లు ప్రకటించినది. పోయినవారిని ఆపే ఖాజీ లేడు.

దాంతో 2015 డిసెంబరు 12న పారిసులో పద్ధతి మారినది. ఎవరి అంకెను వారే వ్రాసుకోవాలి, ఐదేళ్ళకొకసారి దానిని పెంచుకుంటూ పోవాలి. లక్ష్యం మాత్రం ఉమ్మడిది: భూతాపం పెరుగుదల 2 డిగ్రీలకు బాగా దిగువన, వీలైతే 1.5 డిగ్రీల వద్ద ఆగాలి. ఆ 1.5 అనే అంకెను పత్రంలో చేర్చడానికి ద్వీప దేశాలు ఏళ్ళ తరబడి పోరాడినవి. మా విద్యార్థులకు అర్థమయ్యేటట్లు చెప్పాలంటే క్యోటో విధించిన విధివంటిది, పారిస్ నజర్ వంటిది. నజర్ ఎవరూ నీ మీద మోపరు. నీవే నోటితో మొక్కుకుంటావు. మొక్కుకున్న తర్వాత అది వాజిబ్ అవుతుంది, తీర్చకపోతే దోషివి. ప్రపంచ చట్టంలో ఆ రెండవ భాగం లేదు. పారిస్ పత్రంలో అంకె తప్పినవారికి శిక్ష లేదు, జరిమానా లేదు. అమెరికా 2020 నవంబరులో ఒప్పందం నుండి వెళ్ళినది, 2021 ఫిబ్రవరిలో తిరిగి వచ్చినది, 2025 జనవరిలో మళ్ళీ వెళ్తానని ప్రకటించినది. ముసాఫిర్‌ఖానాలో గదికి కూడా ఇలా రాకపోకలు సాగించలేము.

అయితే ఒప్పందాలన్నీ కాగితాలేనని నిస్పృహ చెందడం సరి కాదు. గయూమ్ గారు ఐక్యరాజ్యసమితిలో మాట్లాడిన ఆ 1987లోనే మాంట్రియల్‌లో ఓజోన్ పొరను రక్షించే ఒప్పందం కుదిరినది. ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో వాడే కొన్ని రసాయనాలను మానివేయాలని దేశాలు ప్రమాణం చేసినవి, మానినవి. లోకంలోని దేశాలన్నీ చేరిన ఒప్పందం అది. ఓజోన్ పొర కోలుకుంటున్నది. ఆ రసాయనాలు భూమిని వేడెక్కించేవి కూడా గనుక రెండు మేళ్ళు ఒకేసారి జరిగినవి. మాయిదా సూరా తొలి ఆయతు విశ్వాసులకు ఇచ్చిన మొదటి ఆజ్ఞ ఒప్పందాలను పూర్తి చేయమన్నది. ఆ పని మనుషులకు శక్యమేనని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక, వ్రాయడానికి మాకు కష్టంగా ఉన్న సంగతి. 2018 డిసెంబరులో పోలెండులోని కటోవీస్‌లో వాతావరణ సభ జరిగినది. అంతకు రెండు నెలల ముందు 1.5 డిగ్రీల మీద శాస్త్రవేత్తల నివేదిక వెలువడి ఉన్నది. చిన్న ద్వీపాల కూటమికి అప్పుడు మాల్దీవులే అధ్యక్ష స్థానంలో ఉన్నది. సభ ఆ నివేదికను “స్వాగతిస్తున్నది” అని వ్రాయాలని కోరినది. నాలుగు దేశాలు ఒప్పుకోలేదు. “గమనించినది” అంటే చాలునన్నవి. ఆ నాలుగు అమెరికా, రష్యా, సౌదీ అరేబియా, కువైట్. చివరకు నివేదిక సకాలంలో పూర్తి కావడాన్ని స్వాగతిస్తున్నట్లు వ్రాసి సర్దుకున్నారు. అంటే అందులోని మాటను కాక, అది సమయానికి వచ్చిన సంగతిని స్వాగతించారన్నమాట! వ్యాకరణం బోధించే వారము గనుక ఇటువంటి వాక్యాలను విడదీసి చూడడం మాకు అలవాటు. అన్యుల నుండి వచ్చిన అభ్యంతరం వేరు. మనం నమాజులో ముఖం తిప్పే దిక్కునుండి వచ్చినది వేరు. చమురు ఆ దేశాలకు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అంటారు. అమానత్ అయితే లెక్క కూడా ఉంటుంది.

న్యాయంగా రెండవ వైపు కూడా చెప్పాలి. 2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో అనేక దేశాల ముస్లిం పండితులు కలిసి వాతావరణం మీద ఒక ప్రకటన చేశారు. ధనిక దేశాలు, చమురు దేశాలు ముందుగా తమ ఉద్గారాలకు స్వస్తి చెప్పాలని పేరుపెట్టి కోరారు. 2022లో ఈజిప్టులోని షర్మ్ అల్-షేఖ్ సభలో, నష్టపోయిన పేద దేశాలకు పరిహార నిధి కావాలన్న ద్వీపాల పాత కోరిక నెరవేరినది. 2023లో దుబాయి సభలో ఆ నిధి పని మొదలైనది. ఆతిథ్యమిచ్చిన దేశం మొదటిరోజే 10 కోట్ల డాలర్లు వాగ్దానం చేసినది. బొగ్గు, చమురు, వాయువుల నుండి లోకం మళ్ళాలి అనే మాట ఆ సభ పత్రంలోనే మొదటిసారి చోటుచేసుకున్నది. ముస్లిం గడ్డ మీదనే ఇవి జరిగినవని సంతోషించాము. నిధికి వాగ్దానం వేరు, చెల్లింపు వేరు. ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామన్నవి. ఆ మొత్తం అందినది 2022లో. అప్పు తీర్చే శక్తి ఉన్నవాడు వాయిదా వేయడం జులుం అని మన ప్రవక్త (స) చెప్పారు.

మన దేశం సంగతి కూడా మమ్మల్ని అడిగారు. అడిగినవారు మేము మగ్రిబ్ నమాజు చేసిన ఒక చిన్న మస్జిదు ఇమాము. ఆయన అరబీ స్పష్టంగా మాట్లాడుతారు గనుక మధ్య మనిషి అవసరం లేకపోయినది. 2021లో గ్లాస్గో సభ చివరి గంటలలో, బొగ్గును “పూర్తిగా మానాలి” అన్న చోట “క్రమంగా తగ్గించాలి” అని మార్పించినది ఇండియాయే కదా అన్నారు. నిజమే. ఆ రోజుల్లోనే మాల్దీవుల మంత్రి ఒకరు, 1.5 డిగ్రీలకూ 2 డిగ్రీలకూ మధ్య ఉన్న తేడా తమ పాలిట మరణశిక్ష అని సభలో చెప్పారు. మేము ఇమాముకు మా దేశపు మాట చెప్పాము. మొత్తంలో మాది మూడవ స్థానమైనా, తలసరి చూస్తే మా పొగ ప్రపంచ సగటులో సగం కూడా లేదు. మా పల్లెలలో ఇంకా ఫ్యాను కొనలేని ఇళ్ళు ఉన్నాయి. 2070 నాటికి సున్నాకు తెస్తామని మా ప్రధానమంత్రి అదే సభలో ప్రకటించారు. ఇమాము శ్రద్ధగా విన్నారు. “మీ వాదం న్యాయమే. 2070లో మేము ఎక్కడ ఉంటామో మీకు తెలుసా?” అన్నారు. అక్కడ మా దగ్గర తర్కం లేదు. కాకినాడ దగ్గర ఉప్పాడలో వీధులకు వీధులు సముద్రంలోకి పోవడం, వేసిన రక్షణ గోడలు దెబ్బతినడం మేము చూశాము. ఆ కోతకు కారణాలు అనేకం కావచ్చు, కాని ఇల్లు పోయినవారు వెనుకకు జరగడానికి మన దగ్గర వెనుక నేల ఉన్నది.

ఆ రాత్రి మౌలానా గారు నౌక హదీసును ఎత్తారు. నుఅమాన్ బిన్ బషీర్ (ర) ఉల్లేఖించిన ఆ హదీసు బుఖారీలో ఉన్నది. కొందరు చీట్లు వేసుకొని ఒక నౌకలో పై అంతస్తు, కింది అంతస్తు పంచుకున్నారు. కిందివారు నీటికోసం మాటిమాటికి పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పైవారు వారి చేతులు పట్టుకొని ఆపితే అందరూ బ్రతుకుతారు, వదిలివేస్తే అందరూ మునుగుతారు. ముప్పై ఏళ్ళుగా ఈ హదీసు పాఠం చెబుతున్న మౌలానా గారు ఆ రాత్రి ఒక మాట అన్నారు: ఇక్కడ రంధ్రం చేస్తున్నది పైవారు. నీరు ముందు వచ్చేది కిందివారికి. పైవారి చేతులు పట్టుకొందామంటే కిందివారికి అందవు. ఆ అందని చేతులకు ఒప్పందం ఒక తాడు వంటిదని మాకు అనిపించినది. బలవంతుడికి సంతకం అక్కర లేదు. అది లేకపోయినా అతడి పని జరుగుతుంది.

హుల్హుమాలె గురించి రెండు మాటలు. 1997లో లోతు తక్కువ నీటిలో ఇసుక పోసి ఈ ద్వీపాన్ని లేపడం మొదలుపెట్టారు. సముద్రమట్టానికి సుమారు 2 మీటర్ల ఎత్తు. పాత ద్వీపాల కంటే ఎక్కువ. తిన్నని వీధులు, ఎత్తయిన అపార్టుమెంట్లు, బంగారు గుమ్మటంతో పెద్ద మస్జిదు. 2018లో వంతెన వచ్చిన తర్వాత మాలె నుండి బస్సులోనే వెళ్ళవచ్చు. దూర ద్వీపాల కుటుంబాలు చదువుకోసం, వైద్యంకోసం వచ్చి ఇక్కడ స్థిరపడుతున్నారు. సౌకర్యంగా ఉన్నది, చెట్ల నీడ మాత్రం తక్కువ.

ఆ ఇమాము కూడా ఒక దూరపు ద్వీపం నుండి వచ్చినవారే. మేము బయలుదేరే ముందురోజు అసర్ తర్వాత మాతో కూర్చొని ఒక మస్‌అలా అడిగారు. వారి ద్వీపంలో తాతల నాటి మస్జిదు ఒకటి ఉన్నది, వక్ఫ్. పక్కనే ఖబరస్తాన్. తమ చిన్నతనంలో ఖబరస్తాన్‌కూ అలలకూ మధ్య కొబ్బరి చెట్లు మూడు వరుసలు ఉండేవట. ఇప్పుడు ఒక్క వరుస కూడా లేదు. రేపు ఆ నేల నీటి కిందికి పోతే వక్ఫ్ ఏమవుతుంది? దాని రాళ్ళు తెచ్చి ఇక్కడ, మనుషులు పోసిన ఈ ఇసుక మీద మస్జిదు కట్టవచ్చునా? ఖబర్‌లను ముందే తరలించాలా, అలలు తెరిచేదాకా ఉండాలా?

చుట్టూ ఊరు పాడుబడి నమాజుకు ఎవరూ రాని మస్జిదు గురించి మేము పాఠం చెప్పే కితాబులలో చర్చ ఉన్నది. అది ప్రళయదినం వరకు మస్జిదుగానే ఉంటుందని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అభిప్రాయం. వక్ఫ్ చేసినవారి లేక వారి వారసుల స్వాధీనానికి తిరిగి వస్తుందని ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం. ఇద్దరూ ఊరు పోవడాన్ని ఊహించారు, నేల మాత్రం ఉంటుందనే అనుకున్నారు. వారు షాఫయీలు, మేము హనఫీలము. ఆ సంగతి చెప్పి, మా ముఫ్తీ గారికి చూపిస్తామన్నాము. ఆయన ప్రశ్నను అరబీలో, అందమైన దస్తూరితో, ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చారు.

మేము తిరిగి వచ్చిన తర్వాత ఒక వార్త గురించి అల్లుడు గారితో మాట్లాడాము. 2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, వనువాటు అనే మరొక ద్వీప దేశం చొరవతో వచ్చిన ప్రశ్నకు జవాబుగా, వాతావరణాన్ని కాపాడడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అనీ, పారిస్ ఒప్పందంలో ఎవరి అంకెను వారు తోచినట్లు వ్రాసుకోవడానికి వీలు లేదనీ, 1.5 డిగ్రీల లక్ష్యానికి తగినట్లు ఉండాలనీ చెప్పినది. ఇది సలహా రూపమైన అభిప్రాయం. మా పరిభాషలో ఖజా కాక ఫత్వా. ఖాజీ తీర్పును అమలు చేయించే అధికారం ఉంటుంది. ముఫ్తీ మాటకు అడిగినవాడి మనస్సాక్షి మీదనే అధికారం. “హజ్రత్, ఇక్కడ అందరూ మిఠాయి పంచుకున్నంత పని చేశారు” అన్నారు అల్లుడు గారు. దిక్కులేనివాడికి ఫత్వా కూడా ఆస్తే.

ఇమాము గారి కాగితాన్ని మా ముఫ్తీ గారి ముందు పెట్టాము. జరగని సంగతి మీద ఫత్వా అడిగితే, ఇది జరిగినదా అని ఎదురడిగే సంప్రదాయం మన పెద్దలలో ఉండేది. ఆయనా రెండుసార్లు చదివి, “ఆ మస్జిదులో ఇప్పుడు ఐదు పూటలా జమాఅత్ జరుగుతున్నదా?” అని అడిగారు. జరుగుతున్నదని చెప్పాము. ఎంతమంది ఉంటారన్నారు. జుమాకు రెండు సఫ్‌లు నిండుతాయని ఇమాము చెప్పిన మాట చెప్పాము. ముఫ్తీ గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వక్ఫ్ అధ్యాయం దగ్గర కితాబులో ఉంచుకున్నారు. జవాబు ఇంకా వ్రాయలేదు.